మండని గాయం

“దుప్పటి తియ్యి” అంది పెద్దకోడలు.

మరిది తియ్యలేదు. గోడ గడియారంకేసి చూస్తూ, “ఏం లేదు వదినా. వేణ్ణీళ్ళు చిందాయి, అంతే. నువ్వు ముందెళ్ళి మొహం కడుక్కో” అన్నాడు.

“వేణ్ణీళ్ళకి ఈ వాసన ఉండదు.”

వాసన అందరికీ తెలుస్తూనే ఉంది. కాస్త తియ్యగా, కాస్త తారులా, ఆస్పత్రి వరండాలో ముక్కుకి తగిలేలాంటి వాసన. కుట్టుపని ముగించుకుని వస్తున్న పెద్దకోడలికి మెట్ల మీదే అది ఎదురొచ్చింది. తలుపు తీసేసరికి తోడికోడలు స్నానాలగదిలో కూర్చుని మొగుడి ప్యాంటుని అరబకెట్టు నీళ్ళలో పిసుకుతోంది. పెద్దకోడలు ఆ పిల్ల రెండు చేతులూ లాగి కుళాయి కింద పెట్టించింది. తను చాలనేదాకా తియ్యొద్దంది. ప్యాంటుని కర్రతో ఎత్తి ప్లాస్టిక్ సంచిలో వేసి, మూతి ముడేసి బాల్కనీలో పెట్టింది. ఆ తరవాతే మరిది మంచం ముందుకొచ్చి నిలబడింది.

కుర్చీలో కూర్చున్న అత్తగారికి ఈ హడావుడి నచ్చలేదు. “నేల తుడిచే మందు వాసనే కదే అమ్మాయ్. మేమంతా దాంట్లో చేతులు ముంచి బతికినవాళ్ళమే. వాడికి జ్వరం తగిలినట్టుంది. కాసేపు పడుకోనీ.”

“నేల తుడిచేది వేరు, అది వేరు అత్తయ్యా. మీ పెద్దబ్బాయి ఎన్నిసార్లు చెప్పాడు?”

చెప్పని రోజు లేదు. ఈ ఇంట్లో అన్నదమ్ములిద్దరూ ప్లైవుడ్ చెక్కలని అంటించే జిగురు తయారుచేసే ఫ్యాక్టరీలోనే పని. ఆ జిగురుకి కావలసిన ఫినాల్ ట్యాంకర్లలో వస్తుంది. వేడిగా ఉన్నంతసేపూ నీళ్ళలా పారుతుంది, చల్లబడితే మైనంలా గడ్డకడుతుంది. దాన్ని ట్యాంకరు నుంచి దింపించే మేస్త్రీ పెద్దవాడు. ఆయన కింద పనివాడు చిన్నవాడు. ఇంట్లో దేవుడి మాటకైనా ఎదురు చెప్పవచ్చుగానీ మేస్త్రీ మాటకి ఎదురులేదు. ఫ్యాక్టరీ బట్ట గుమ్మం దాటి రాకూడదు. అక్కడే స్నానం, అక్కడే బట్టలు మార్చుకోవడం. పెళ్ళయిన కొత్తలో పెద్దకోడలికి ఆయన చెప్పిన ముద్దూమురిపాల కబుర్లలో సగం ఇవే.

అలాంటి ఇంటికి ఆ ప్యాంటు ఎలా వచ్చిందన్నదే ఆమెకి అర్థంకాని సంగతి.

ఇంకోసారి అడగలేదు. దుప్పటి అంచు పట్టుకుని లాగేసింది.

తొడ మీద, మోకాలికి కాస్త పైన, అరచేతికన్నా పెద్ద మచ్చ. సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. చర్మం నానినట్టు ముడతలు పడింది. అంచులు గోధుమరంగుకి తిరుగుతున్నాయి. అత్తగారు చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పెద్దకోడలు బల్ల మీదున్న దువ్వెన తీసి, దాని పళ్ళతో మచ్చ మధ్యలో గట్టిగా నొక్కింది.

“ఇక్కడ తెలుస్తోందా?”

మరిది ఇంకా గడియారంకేసే చూస్తున్నాడు. “ఎక్కడ?” అన్నాడు.

కాలిన చోట దువ్వెనతో గుచ్చితే మనిషి గావుకేక పెట్టాలి. ఇతను ఎక్కడని అడుగుతున్నాడు.

“మండటం లేదు వదినా, నిజంగా. మొదట్లో కాస్త చురుక్కుమంది. తరవాత ఏమీ లేదు. తగ్గినట్టే కదా.”

“తగ్గలేదు. మొద్దుబారింది.” ఆమె గొంతు తనకే కొత్తగా వినిపించింది. “మండేదాన్ని చూసి మనిషి పరిగెడతాడు. ఇది అలా కాదు, కుక్కకి మత్తుముద్ద పడేసి ఇంట్లో దూరే దొంగలాంటిది. ఈ మాట ఎవరన్నారో గుర్తుందా? అన్నం తింటూ నీకూ నాకూ కలిపి చెప్పాడు.”

మరిది తలొంచుకున్నాడు.

“లే. షవరు కిందికి నడువు. సబ్బుతో, నీళ్ళు ధారగా వదిలి, టాక్సీ వచ్చేదాకా కడుగుతూనే ఉండాలి.” తోడికోడలికి వంటింట్లోంచి రబ్బరు తొడుగులు తెచ్చిచ్చింది. “నువ్వు ఇవి వేసుకోకుండా ఆ కాలు ముట్టుకోకు. నీ చేతులు చూపించు.”

ఆ పిల్ల చేతులు చాచింది. ఎర్రగా నాని ఉన్నాయి, తెల్లబడలేదు. పెద్దకోడలు ఊపిరి పీల్చుకుంది. పద్నాలుగు కబుర్లు ఏకబిగిన చెప్పగలిగే ఆ తోడికోడలు ఇందాకటినుంచీ ఒక్కమాట మాట్లాడలేదు. మొగుడు ప్యాంటు ఉతకమన్నాడు, ఉతికింది. ఎందుకని అడగలేదు, అదీ ఆమె దిగులు.

స్నానాలగది తలుపు మూసుకుంది. నీళ్ళ చప్పుడు మొదలైంది. పెద్దకోడలు టాక్సీకి ఫోను చేసి పెట్టేస్తుండగా గుమ్మంలో తాళంచెవి తిరిగింది.

మేస్త్రీ లోపలికొచ్చాడు. శుభ్రంగా తల దువ్వుకుని, ఉతికిన చొక్కాలో, ఎప్పటిలాగే. భార్య మొహం చూశాడు, స్నానాలగది తలుపు చూశాడు, చెప్పులు విప్పడానికి వంగాడు. విప్పినవాటిని గోడవారగా సర్దాడు. మళ్ళీ సర్దాడు.

“మీకు తెలుసా?” అంది ఆమె.

“మంచినీళ్ళివ్వు.”

“తెలుసా అని అడుగుతున్నాను.”

“నేనక్కడే ఉన్నాను” అన్నాడు ఆయన.

ఆమె తెలియదన్న మాట కోసం సిద్ధంగా ఉంది. తెలియదంటే తిట్టుకుంటూ నమ్మేసేది. ఈ జవాబుకి ఎక్కడ నిలబడాలో తోచక కుర్చీ వీపు పట్టుకుంది.

ఆయన కూర్చుని, ఎవరికో పాఠం అప్పజెప్పినట్టు, మెల్లగా చెప్పాడు. పొద్దున చలికి ట్యాంకరు గొట్టంలో ఫినాల్ గడ్డకట్టింది. గడ్డ ఎక్కడుందో తెలుసుకోవడానికి మేస్త్రీకి ఓ పద్ధతుంది. తొడుగు తీసేసి ఒట్టి అరచేత్తో గొట్టం పొడుగునా తడుముతూ పోతాడు. వెచ్చగా ఉన్నంత మేరా పారుతున్నట్టు, చల్లగా తగిలిన చోట గడ్డ ఉన్నట్టు. అలా చెయ్యకూడదని గోడ మీద రాసే ఉంది. అయినా యంత్రం కన్నా ముందు ఆయన చెయ్యే చెబుతుందని షెడ్డంతా ఆయన్ని థర్మామీటరు అని పిలుస్తుంది. ఆ పిలుపంటే ఆయనకి లోపల్లోపల మహా ఇష్టం.

“నన్ను ఆఫీసులోకి పిలిచారు. వచ్చేవారం నుంచి షిఫ్టు ఇన్‌ఛార్జివి నువ్వే అని చెప్పడానికి. నేను తిరిగొచ్చేసరికి వీడు తొడుగు తీసి, నాలాగే తడిమి, చల్లగా ఉంది, అంతా గడ్డే అనుకుని జాయింటు బోల్టులు విప్పాడు. గడ్డ అంగుళం మందం కూడా లేదు. వెనకాల వేడిగా ఉంది. చిమ్మింది.”

“అక్కడ షవరు లేదా?”

“పక్కనే ఉంది.”

“మరి?”

“దాని గొలుసు లాగితే షెడ్డంతా గంట మోగుతుంది” అన్నాడు మేస్త్రీ. “వీడు లాగబోయాడు. నేనే చెయ్యి పట్టుకున్నాను.”

స్నానాలగదిలో నీళ్ళు ధారగా పడుతున్నాయి.

“పట్టుకుని?” అంది పెద్దకోడలు.

“గుడ్డ తడిపి తుడిచాను.”

“తడిగుడ్డతో.”

“ఊఁ.”

“కాసిని నీళ్ళు తగిలితే పరుచుకుని ఇంకా లోపలికి దిగుతుంది, పోస్తే కుండపోతగా పొయ్యాలి, లేదా ఆ గ్లైకాల్ మందుతో తుడవాలి. ఇది నాకు చెప్పింది ఎవరండీ? చదువుకుని తెలుసుకున్నానా నేను?”

“గ్లైకాల్ సీసాలు అద్దాల బీరువాలో ఉంటాయి. దానికి సీలు ఉంటుంది. సీలు తెగితే ఎందుకు తెగిందని అడుగుతారు.”

ఆమె నవ్వింది. అది నవ్వు కాదని ఆమెకీ తెలుసు. మనిషిని బతికించడానికి పెట్టిన బీరువా, మనిషి పడ్డప్పుడు తెరవకుండా ఉంచుకోవడం ఈ పెద్దమనుషులకే చెల్లింది. గేటు దగ్గర ప్రమాదం లేకుండా గడిచిన రోజుల బోర్డొకటి ఉంటుంది. దాన్ని ఎవరూ సున్నాకి దించకూడదు. పన్నుపీకినా పక్కవాడికి తెలియనివ్వని పౌరుషం అక్కడ అందరిదీ.

“మచ్చ చిన్నదే అనుకున్నాను. నొప్పి లేదన్నాడు” అన్నాడు మేస్త్రీ.

“నొప్పి లేదన్నాడనా.”

ఆయన చూపు తిప్పుకున్నాడు. తనకి తెలిసిన విద్య తన నోటితోనే అబద్ధమవడం ఏ మనిషికైనా కష్టమే. ఆ కష్టం చూసి ఆమెకి జాలేసింది. జాలి వేసినందుకు తన మీద తనకే కోపమొచ్చింది.

“అమ్మాయ్, వాణ్ణి ఇంక వదిలెయ్” అంది అత్తగారు. “రేపు ఇన్‌ఛార్జి కావలసినవాడు. ఇప్పుడిది బయటపడితే ఇన్‌ఛార్జీ ఉండదు, ఉన్నదీ ఊడుతుంది. వేణ్ణీళ్ళు పడ్డాయని చెబితే డాక్టర్లు మందు రాయరా?”

“రాస్తారు అత్తయ్యా. వేణ్ణీళ్ళకి రాస్తారు.”

“వాడూ నా కొడుకే, వీడూ నా కొడుకే” అంది ముసలామె. “ఒకణ్ణి కాపాడుకోవాలంటే ఇంకొకణ్ణి పట్టివ్వాలా నేను?”

ఎటు మాట్లాడినా ఇంకో కొడుక్కి అన్యాయమే. పెద్దకోడలు ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. ఈ ఇంట్లో అడుగుపెట్టిన ఇన్నేళ్ళలో అత్తాకోడళ్ళు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోవడం ఇదే మొదలు.

స్నానాలగది తలుపు కొంచెం తెరుచుకుంది.

“అక్కా” అంది తోడికోడలు. “ఆయన ఒంటేలు పోశారు. నల్లగా ఉందక్కా, టీ మరిగిపోయినట్టు. కళ్ళు తిరుగుతున్నాయంటున్నారు. గోడ పట్టుకుని నిలబడ్డారు.”

మేస్త్రీ లేచాడు. లేచినవాడు అడుగు వెయ్యలేదు. రంగు మారితే ఏమైనట్టో ఏటేటా శిక్షణ తరగతిలో కొత్తవాళ్ళకి చెప్పేది ఆయనే. ఒంట్లోకి ఎక్కింది, మూత్రపిండాల దాకా వెళ్ళింది, తరవాత గుండె. ఆ పాఠం ఆయన మొహంలో వరసగా నడిచింది. పెద్దకోడలు అది చూసింది.

కింద టాక్సీ హారను మోగింది.

టాక్సీలో అన్నదమ్ములిద్దరూ వెనక, మధ్యలో చిన్నవాడు, ఆ పక్కన అతని భార్య. పెద్దకోడలు ముందు కూర్చుంది. అత్తగారిని ఇంట్లోనే ఉండమన్నారు. దారంతా మరిది పళ్ళు కొట్టుకుంటూనే ఉన్నాయి. చలికి కాదు. నుదుటి మీద చెమట పడుతోంది.

“ఏదో కెమికల్ పడిందని చెబితే చాలదా?” అన్నాడు మేస్త్రీ మెల్లగా. “ఎక్కడ, ఎప్పుడు, ఎలా అన్నవి వాళ్ళకెందుకు?”

పెద్దకోడలు వెనక్కి తిరిగింది.

“మీరు చెప్పకపోతే నేను చెబుతాను. కాకపోతే నాకు సగమే తెలుసు. ఎంతసేపు ఒంటిమీద ఉంది, ఎంత వేడిగా ఉంది, ఎంత మేర పడింది, నేను చూడలేదు. నా సగంతో మీ తమ్ముడు బతకడు.”

తమ్ముడు కళ్ళు మూసుకునే, “వదినా, అన్నయ్యని ఏమనకు. తొడుగు తీసింది నేనే” అన్నాడు.

ఆస్పత్రి గదిలో డాక్టరమ్మ చిన్నవయసుది. జుట్టు బిగించి ముడేసుకుంది. మచ్చ చూడగానే మొహంలో కంగారు లేదుగానీ చేతుల వేగం పెరిగింది. నర్సుతో తొడుగులు రెండేసి వేసుకోమని చెప్పి, మరిది కళ్ళలోకి టార్చి వేస్తూ అడిగింది.

“ఏం పడింది?”

“వేణ్ణీళ్ళండి” అన్నాడు మరిది. నాలుక మడతపడుతోంది. “ఇంట్లో. స్నానానికి కాచుకున్నవి. ఎవరి తప్పూ లేదు.”

ఎవరి తప్పని డాక్టరమ్మ అడగలేదు. అడగని ప్రశ్నకి అతను జవాబు చెబుతున్నాడు. పెద్దకోడలు మొగుడివైపు చూసింది. ఇప్పుడు తను చెబితే జీవితమంతా ఇద్దరి మధ్యా ఆ మాట గోడలా నిలబడుతుంది. అయినా సరే, ఊపిరి ఒకసారి పీల్చుకుని చెప్పేద్దామనుకుంది.

“ఫినాల్” అన్నాడు మేస్త్రీ.

డాక్టరమ్మ తిరిగి చూసింది.

“పలచన చేసింది కాదు, అచ్చంగా అదే. వేడిది. పొద్దున పని మొదలైన కాసేపటికి పడింది. షవరు వాడలేదు. నేను వాడనివ్వలేదు. తడిగుడ్డతో తుడిచాను. ఆ ప్యాంటుతోనే షిఫ్టు అయ్యేదాకా నిలబెట్టాను. అక్కడ మార్చుకుంటే నలుగురూ మచ్చ చూస్తారని దాంతోనే ఇంటికి పంపాను. ఇందాకే ఇంట్లో కడిగారు. మూత్రం నల్లగా వచ్చింది.” ఒక్కొక్క మాటా ఏరి పెట్టినట్టు చెప్పాడు. “నేను వీడి మేస్త్రీనండి. అన్ననండి.”

మరిది కళ్ళు తెరిచి అన్నకేసి చూశాడు. ఆ చూపులో కోపం ఉంది. ఇంతసేపు మోసిన బరువుని ఎవరో నేలకేసి కొట్టినట్టు చూశాడు. ఆ తరవాత మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు.

డాక్టరమ్మ ఎవర్నీ తిట్టలేదు. గుండెకి తీగలు పెట్టించింది. రక్తం తీయించింది. సెలైన్ ఎక్కించమంది. “మీ ఫ్యాక్టరీలో పాలీ ఇథిలీన్ గ్లైకాల్ ఉండాలి. ఉందా?”

“ఉంది. సీలు తియ్యలేదు.”

“తీయించండి. ఇప్పుడే తెప్పించండి. మా దగ్గరున్నది చాలదు.”

మేస్త్రీ వరండాలోకి వెళ్ళలేదు. అక్కడే, తమ్ముడి మంచం పక్కనే నిలబడి ఫ్యాక్టరీకి ఫోను చేశాడు. బీరువా పగలగొట్టమన్నాడు. ఎందుకని అవతల మేనేజరు అడిగినట్టున్నాడు. “పొద్దున ప్రమాదం జరిగింది సార్. దాచాను సార్” అన్నాడు. అటునుంచి చాలాసేపు మాటలు వచ్చాయి. ఆయన అన్నీ విన్నాడు. “అలాగే సార్” అని పెట్టేశాడు.

పెద్దకోడలికి ఏడుపొచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు, నిజమే. పట్టుకోకుండా ఊరుకునేవాళ్ళ కన్నా నయం కదా అనుకుంది. తనకి ఆ క్షణాన మొగుడి మీద ఉన్నది గౌరవమో కోపమో తేల్చుకోలేకపోయింది.

గుండె మిషను తెరమీద గీత ఒకసారి గబగబా కొట్టుకుని, మళ్ళీ దారిలో పడింది. తోడికోడలు మంచం కడ్డీ పట్టుకుని దాన్నే చూస్తోంది.

“ఇరవైనాలుగు గంటలు దాటితే గానీ ఏమీ చెప్పలేను” అంది డాక్టరమ్మ. చేతి తొడుగులు విప్పి, మళ్ళీ కొత్తవి వేసుకుంటూ, మామూలుగా అడిగింది. “అది చిమ్మినప్పుడు పక్కన ఇంకెవరున్నారు?”

మేస్త్రీ చేతిలోని ఫోనుకేసి చూశాడు.

“ఎవరైనా ఉన్నారా?”

“ట్యాంకరు డ్రైవరు. గొట్టం పట్టుకుంది ఆయనే.”

“ఆయన మీద పడిందా?”

“బూట్ల మీద పడింది. బూట్లలోకి కూడా పోయినట్టుంది. తోలు బూట్లు” అన్నాడు మేస్త్రీ. “తోలు పీల్చుకుంటుందండి. ఎంత కడిగినా వదలదు. విప్పి పారెయ్యాలి. నేను మండుతోందా అని అడిగాను. లేదన్నాడు. అయితే ఎవరితోనూ అనకు, ఇంటికి పో అన్నాను.”

“ఇల్లెక్కడ?”

“ఊళ్ళోనే.”

ఆయన ఫోనులో పేరు వెతుకుతున్నాడు. వేళ్ళు అద్దం మీద జారిపోతున్నాయి. పెద్దకోడలు ఫోను లాక్కుని, పేరు చూసి నొక్కింది. చాలాసేపు మోగింది. ఆగిపోతుందేమో అనుకుంటుండగా ఎవరో ఎత్తారు.

“హలో? ఎవరండీ?” ఆడగొంతు. బయటినుంచి హడావుడిగా వచ్చినట్టు ఆయాసపడుతోంది.

“అమ్మా, డ్రైవరుగారు ఉన్నారా?”

“ఉన్నారండి, పడుకున్నారు. ఫ్యాక్టరీనుంచేనా? రాత్రంతా బండి నడిపారు కదా, పొద్దున వచ్చీ రాగానే మంచమెక్కారు. కాళ్ళు తిమ్మిరిగా ఉన్నాయి, నిద్రొస్తోంది అన్నారు. బూట్లు కూడా విప్పుకోలేదు. నేనే విప్పుదామనుకున్నా, నిద్ర పాడవుతుందని ఊరుకున్నా.”

పెద్దకోడలు కళ్ళు మూసుకుంది. “ఆ బూట్లు నువ్వు చేత్తో ముట్టుకోకమ్మా. అంబులెన్సు పంపిస్తున్నాం, ఇల్లెక్కడో చెబుదువుగాని. ముందు ఆయన్ని లేపు.”

“ఏమైందండీ?”

“లేపమ్మా. చెబుతాను.”

అవతల ఫోను ఎక్కడో చెక్కమీద పెట్టిన చప్పుడైంది. కట్ కాలేదు. పెద్దకోడలు దాన్ని తనకీ మొగుడికీ మధ్యలో పట్టుకుంది. డాక్టరమ్మ కూడా దగ్గరికొచ్చి నిలబడింది. ఎవరూ ఎవరికేసీ చూడలేదు.

తలుపు కిర్రుమంది. అడుగుల చప్పుడు ఆగింది.

“ఏవండీ” అంది అవతలి గొంతు, నిద్రపోయేవాణ్ణి లేపడానికి మనసొప్పనట్టు, నెమ్మదిగా. “మీకు ఫోనొచ్చింది.”

కాసేపాగి, “ఏవండీ” అంది మళ్ళీ.

మేస్త్రీ మంచం కడ్డీని రెండు చేతులతో పట్టుకున్నాడు.

“ఏవండీ, మిమ్మల్నే.”